లినక్స్ ఫోన్‌లో డేటా రాకపోతే: ఏపీఎన్ మార్చాలా, మోడెమ్ రీస్టార్ట్ చేయాలా?

అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం దాటాక జేబులోంచి ఫోన్ తీస్తే డేటా లేదు. మామూలు ఆండ్రాయిడ్ అయితే ఏరోప్లేన్ మోడ్ ఒకసారి పెట్టి తీసేసేవాణ్ణి. నాది మొబియాన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న లినక్స్ ఫోన్. అందరూ చెప్పే చిట్కాలు రెండు: ఏపీఎన్ (డేటా కోసం నెట్‌వర్క్ కంపెనీ ఇచ్చే పేరు) సరిచూడటం, మోడెమ్‌ని (ఫోన్‌ని టవర్‌తో కలిపే భాగాన్ని) రీస్టార్ట్ చేయడం.

ఏది ముందు అన్నది టెర్మినల్‌లో మోడెమ్ స్థితి చూపించే ఎంఎంసీఎల్‌ఐ కమాండ్ చెబుతుంది. మోడెమ్ స్థితి 'రిజిస్టర్డ్' దగ్గరే ఆగి 'కనెక్టెడ్' కాకపోతే, టవర్ దొరికింది కానీ డేటా దారి తెరుచుకోలేదని అర్థం. అప్పుడు ఏపీఎన్ చూడాలి. జియోకి జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్. ఒక్క అక్షరం తేడా వచ్చినా కుదరకపోవచ్చు. ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) రకంలో ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఉండేది ఎంచుకోండి. జియో ఎక్కువగా ఐపీవీ6 మీదే నడుస్తుంది. ఒకసారి సరిగ్గా పెడితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు, అదే దీని సుఖం.

అసలు మోడెమే ఆ కమాండ్ చూపించే జాబితాలో కనబడకపోతే ఏపీఎన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. పైన్‌ఫోన్ లాంటి లినక్స్ ఫోన్లలో మోడెమ్ ప్రాసెసర్‌లో భాగం కాదు, లోపల యూఎస్‌బీతో కలిసిన వేరే భాగం. ఫోన్ నిద్ర లేచేటప్పుడు ఆ లింకు తెగితే, మోడెమ్‌ని నడిపే మోడెమ్‌మేనేజర్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి, అదీ కాకపోతే ఫోన్‌నే. కాల్స్ కూడా కాసేపు ఆగిపోతాయి, కొండెక్కుతూ ఇంట్లోవాళ్ల ఫోన్ కోసం చూస్తున్నప్పుడు అదో టెన్షన్.

ఆ రోజు నాకు పనిచేసింది రీస్టార్టే. అయినా మోడెమ్ జాబితాలో కనబడుతుంటే ముందు ఏపీఎన్ చూడమనే అంటాను, దానికి అర నిమిషం చాలు.