ఊలా, నూలా: చంటిబిడ్డకు ఏది అల్లాలి?

నాలుగేళ్ల కింద ఏప్రిల్‌లో మా పెద్ద మనవరాలు పుట్టింది. పుట్టకముందే గులాబీ రంగు ఊలుతో స్వెట్టర్, టోపీ, మేజోళ్లు అల్లి బీరువాలో దాచుకున్నాను. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేటప్పుడు ముచ్చటపడి అన్నీ తొడిగాను. హనుమకొండలో ఏప్రిల్ ఎండ, ఇంటినిండా చుట్టాలు, కూలర్ గాలి అందని మూలన తొట్టెల. ఫోటోలు అయ్యేసరికి పిల్ల ముఖం ఎర్రబడింది, సాయంత్రానికి మెడ మడతల్లో చెమటకాయలు. ఎనభై ఏళ్లు దగ్గరపడ్డ మా అమ్మ చూసి, "గీ ఎండల గా స్వెట్టరేందే? పిల్లను ఉడకబెడ్తవా?" అన్నది. ఆ సెట్టు మళ్లీ బయటికి తీయలేదు. పన్నెండు సాయంత్రాల పని ఒక్క ఫోటోకు సరిపోయింది.

ఇప్పుడు అమ్మాయికి రెండో కాన్పు. దీపావళి దాటాక అన్నారు. మూడో నెలలో, అంటే జనవరిలో, అత్తగారింటికి ఆదిలాబాద్ పంపాలి. అందుకే ఈసారి సూదులు పట్టకముందే ఏ దారంతో అల్లాలో తేల్చుకుందామని కూర్చున్నాను.

ముందుగా తెలిసిన సంగతి, మనం షాపులో "ఊలు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునేది చాలావరకు ఊలే కాదు. ఉండ మీది కాగితం చదివితే యాక్రిలిక్ అని ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా అల్లుతున్నాను, ఆ కాగితాన్ని చింపి పారేయడమే తప్ప చదివింది లేదు. సరే, అసలు తేడా ఏమిటో చూద్దామని వంటింట్లో స్టీలు పళ్లెం పెట్టి మూడు పోగులకు అగ్గిపుల్ల చూపించాను. ఆ పాత సెట్టులోని గులాబీ పోగు ముడుచుకుపోయి, కరుగుతూ మండి, చల్లారాక నల్లని గట్టి పూసలా మిగిలింది. గోటితో నలిపినా నలగలేదు. నూలు పోగు కాగితంలా కాలి బూడిదయింది. మూడోది మా అమ్మ పాత గొంగడిలోంచి లాగింది. అది వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, పుల్ల పక్కకు తీయగానే ఆరిపోయింది.

యాక్రిలిక్ అంటే ప్లాస్టిక్ జాతి దారమేనని అప్పుడు గట్టిగా నమ్మకం కుదిరింది. అది చెమటను పీల్చదు. పిల్ల మెడకు ఆ రోజు ఏమైందో ఇక వేరే చెప్పక్కర్లేదు. పైగా స్నానం కాగానే సాంబ్రాణి నిప్పుల దగ్గర పిల్లను పట్టుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. నిప్పురవ్వ పడితే నూలూ కాలుతుంది, కానీ యాక్రిలిక్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మా ఇంట్లో పొగ మానేశాం, పిల్లల డాక్టరమ్మ ఊపిరితిత్తులకు మంచిది కాదన్నది.

అట్లని యాక్రిలిక్‌ను పూర్తిగా తీసిపారేయలేను. చవక, మెత్తన, ఎన్ని రంగులు కావాలంటే అన్ని రంగులు. మెషిన్‌లో వేసినా ఏమీ కాదు, పొద్దున ఉతికితే మధ్యాహ్నానికి ఆరుతుంది. పాలు కక్కే పిల్ల బట్టలకు అదేం చిన్న విషయం కాదు.

నూలు చెమటను పీలుస్తుంది, వేడినీళ్లను తట్టుకుంటుంది, ఎన్నిసార్లు ఉతికితే అంత మెత్తబడుతుంది. కానీ అల్లే చేతికి అది కష్టం. సాగే గుణం లేదు, సూది మీద జారదు, గంటసేపు అల్లితే బొటనవేలు నొప్పి పెడుతుంది. బరువు కూడా ఎక్కువే. ఆరు నెలల పిల్ల స్వెట్టర్‌కు నాకు యాక్రిలిక్ వంద గ్రాములు సరిపోతే నూలు నూట యాభై దాకా పట్టింది. చేతుల చివర వేసే రిబ్, అంటే సాగే పట్టీ, నాలుగు ఉతుకులకు వదులై వేలాడుతుంది. ఆరడం ఆలస్యం. ధర రెట్టింపు పైనే.

దొరకడం మరో పంచాయితీ. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు సీజన్‌లో బండ్ల వరుసలు కట్టి పత్తి వస్తుంది. 1934లో మొదలై, తర్వాత మూతపడ్డ ఆజంజాహీ బట్టల మిల్లు ఈ ఊరిదే. అయినా స్వెట్టర్ అల్లడానికి మెత్తటి నూలు ఉండ కావాలంటే నేను వెతికిన నాలుగు షాపుల్లో లేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అంతకుముందు ఒక తెలివి చేశాను. ఇక్కడి కొత్తవాడలో దర్రీలు, అంటే జంపఖానాలు, నేస్తారు కదా, 2018లో అవి ఈ ఊరి ప్రత్యేకతేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, ఆ నూలే తెచ్చి అల్లితే పోలేదా అనుకున్నాను. జానెడు ముక్క అల్లి గదవ కింద రాసుకుంటే తెలిసింది, నేల మీద పరిచే జంపఖానాకు పనికొచ్చే దారం పిల్ల ఒంటికి పనికిరాదని. ముతక. ఏ దారమైనా ఇట్లా గదవ కింద, మెడ మీద రాసి చూసుకోండి, చేతివేళ్లకు తెలియనిది మెడకు తెలుస్తుంది.

ఇక నిజమైన ఊలు. మనకు తెలిసిన ఊలు కురుమలు నేసే గొంగడి. దక్కన్ నల్లగొర్రెల బొచ్చు లావుగా, గరుకుగా ఉంటుంది. వానలో చేను కాపలాకు దాన్ని మించింది లేదు కానీ పసిపిల్ల చర్మానికి గుచ్చుతుంది. మెరీనో అనే గొర్రెల ఊలు వేరు. పోగు సన్నం, గుచ్చుకోదు, కొంత చెమ్మ పీల్చుకుని కూడా వెచ్చగా ఉంటుంది. ధర మాత్రం గుండె గుభేల్‌మనిపిస్తుంది. వేడినీళ్లలో వేసి పిండితే బొమ్మ స్వెట్టర్ అవుతుంది, మెషిన్‌లో ఉతకొచ్చని కాగితం మీద ఉన్న రకమే కొనాలి. ఇంకొక చిక్కు, ఊలుకు పురుగు పడుతుంది. మన అలవాటు కొద్దీ బీరువాలో కలరా ఉండలు వేస్తాం. పుట్టుకతో జి6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న పిల్లలకు ఆ ఉండల వాసన పట్టిన బట్టలు తొడిగితే రక్తకణాలు విరిగి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోటు ముఖం చూస్తే తెలిసేది కాదు. చంటిపిల్లల బట్టలున్న అరలో ఆ ఉండలు వద్దే వద్దు. నేను ఎండిన వేపాకు వేస్తున్నాను, రెండు నెలలకోసారి ఎండకు పెడుతున్నాను.

మరి ఏది మేలంటే, పిల్ల ఏ నెలలో ఏ ఊళ్లో పడుకుంటుందో ముందు చూడాలి. హనుమకొండలో నవంబర్, డిసెంబర్ రాత్రులు చల్లగా ఉన్నా తలుపులు వేసిన గదిలో నూలు జుబ్బా మీద నూలు స్వెట్టర్ చాలు. ఆదిలాబాద్ చలి వేరు. అక్కడ కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. అక్కడికి లోపల నూలు, పైన మెరీనో. మెరీనో కొనలేని వాళ్లు పైపొరకు యాక్రిలిక్ వేసినా తప్పులేదు, ఒంటికి తగిలేది మాత్రం నూలే ఉండాలి. మనం వేసుకున్న దానికంటే ఒక్క పొర ఎక్కువ చాలని డాక్టరమ్మ లెక్క. పిల్ల చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయని కంగారుపడకుండా మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడమన్నది. అక్కడ చెమట తగిలితే ఒక పొర తీసేయడమే. టోపీ పుట్టిన కొత్తలో, బరువు తక్కువ పిల్లలకు, బయటికి వెళ్లేటప్పుడు. ఇంట్లో నిద్రపోయేటప్పుడు తీసేయమన్నది, ఒంట్లో వేడి తలలోంచే ఎక్కువ పోవాలట.

సూదులా, క్రోషియానా అనే ప్రశ్నకు నాకు పెద్ద ఆలోచన పట్టలేదు. సూదుల అల్లిక సాగుతుంది, అందుకే స్వెట్టర్, టోపీ, మేజోళ్లు సూదులతోనే. క్రోషియా తొందరగా అవుతుంది, కుట్టు జారితే మొత్తం ఊడిపోదు, కానీ మందంగా వస్తుంది, దారం ఎక్కువ తింటుంది. లేసులాంటి రంధ్రాల డిజైన్ పిల్లలకు అసలు వద్దు, వేళ్లు ఇరుక్కుంటాయి. మేజోళ్లయితే తిరగేసి లోపల చూడాలి. వదులు పోగు ఒకటి కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, ఎందుకు ఏడుస్తుందో ఎవరికీ తెలియదు.

కొలత దగ్గర కూడా నేను మొదటిసారి తప్పే చేశాను, పుట్టిన పిల్లకు సరిపడా అల్లాను. పుట్టినప్పుడు ఛాతీ 33 సెంటీమీటర్లుంటే ఆరు నెలలకు 43 దాకా వస్తుంది. ఈసారి ఆరు నెలల కొలతకే, అయిదు సెంటీమీటర్లు వదులు కలిపి 48కి వేశాను. నాలుగు మిల్లీమీటర్ల సూది మీద నా చేతికి పది సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తాయి, కాబట్టి చుట్టూ 106. తల మీద నుంచి తొడిగేది కాకుండా ముందు తెరుచుకునేది, ఎందుకంటే మెడ నిలవని పిల్లకు తలదూర్చి తొడగడం ఇద్దరికీ ఏడుపే. గుండీల బదులు పక్కన కట్టుకునే నాడాలు పెట్టాను, మెడ దగ్గర ఏదీ లేకుండా.

ఇదంతా విని మా అమ్మ తన పెట్టె తీసి రెండు పాత నూలు చీరలు నా ఒళ్లో వేసింది. పుట్టిన బిడ్డకు మొదట పాతబట్టే కట్టాలని ఆమె పట్టు. ఈ మాట మీద నేను వాదించను. ఇరవై ఏళ్లు ఉతికిన చీరకంటే మెత్తటి దారం ఏ షాపులోనూ దొరకలేదు. మొదటి నెలకు ఆ చీరల జుబ్బాలే, మిషన్ మీద ఎనిమిది కుట్టాను, కుట్టు మడత బయటికి వచ్చేట్టు.

నూలు స్వెట్టర్ అయిపోయింది. మెరీనోది వీపు వరకు వచ్చింది, సీదా ఒక వరుస, ఉల్టా ఒక వరుస. పెద్ద మనవరాలు మాత్రం రోజూ వచ్చి తనకెప్పుడని అడుగుతోంది. దానికి యాక్రిలిక్కే, గులాబీ రంగే, రెండు జేబులతో. పాత సెట్టు విప్పి ఆ దారం ఉండ చుడుతున్నాను.