బోన్సాయ్ కుండీకి పలకల పని: సగం ఆరిన పలకలు అతకడమా, మెత్తని పలకను అచ్చులో ఒత్తడమా? ఏది మేలు?

దీర్ఘచతురస్రపు బోన్సాయ్ కుండీ సారె మీద రాదు. మట్టిని పలకలు చేసుకుని కట్టాల్సిందే. అందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. పలకల్ని సగం ఆరనిచ్చి, కొలతకు కోసి, పెట్టె బిగించినట్టు అతకడం ఒకటి. పలక మెత్తగా ఉండగానే ప్లాస్టర్ అచ్చులోకి దించి ఒత్తడం రెండోది. తిన్నని గోడలు, పదునైన మూలలు కావాలంటే మొదటిదే పట్టుకోండి. అండాకారపు కుండీకి, మూలలు గుండ్రంగా తిరిగిన కుండీకి, ఒకే కొలతలో నాలుగైదు చేయాల్సి వచ్చినప్పుడు రెండోది నయం.

ఇంకో రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి కానీ ఈ పనికి వద్దు. బోర్లించిన అచ్చు మీద పలకను కప్పితే, ఆరేకొద్దీ మట్టి కుదించుకుని అచ్చును బిగబట్టి మూలల దగ్గర చీలుతుంది. సమయానికి తీయగలిగితే గిన్నెలకు పనికొస్తుంది, నిటారు గోడల కుండీకి మాత్రం ఆ సమయం దొరకదు. కూడిక గుర్తు ఆకారంలో ఒకే పలక కోసి నాలుగు గోడలూ పైకి మడిచే పద్ధతి సులువుగా కనిపిస్తుంది. కానీ మడత బయటి వైపు మట్టి సాగి కంటికి ఆనని పగుళ్లు పడతాయి, అవి కాల్చే బట్టీలో తెరుచుకుంటాయి.

మట్టి రెండింటికీ ఒకటే: 20 నుంచి 30 శాతం గ్రాగ్, అంటే కాల్చిన మట్టిని దంచిన రవ, కలిసిన, 1200 డిగ్రీల పైన కాల్చే స్టోన్‌వేర్ మట్టి. పూలకుండీలకు వాడే మామూలు చెరువుమట్టి 1200 డిగ్రీలకు నిలవదు. తక్కువ వేడిలో కాల్చి వాడితే గోడ నీరు పీలుస్తుంది, బోరు నీటి ఉప్పులు బయటికి తెల్లగా పొంగుతాయి.

కొలత దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. ఆరేటప్పుడూ కాల్చేటప్పుడూ కలిపి మట్టి మొత్తం కుదింపు 12 శాతమైతే 30 సెంటీమీటర్ల కుండీకి 12 శాతం కలిపి 33.6 కోస్తే చాలదు. 30ని 0.88తో భాగించాలి, 34.1 వస్తుంది. వెడల్పు 22 కావాలంటే 25, లోతు 6 కావాలంటే 6.8. మందం 9 మిల్లీమీటర్లు ఉంచండి. ఈ కొలతకు కుండీలో నిలిచే పచ్చిమట్టి సుమారు 3 కిలోలు, కత్తిరింపులు, కాళ్లు కలిపి నాలుగున్నర కిలోలు సిద్ధం చేసుకోవాలి.

పలక తీయడంలోనే సగం మంచి చెడూ తేలిపోతుంది. చపాతీ కర్రతో ఒకే దిక్కున లాగితే మట్టి ఆ దిక్కున సాగి, ఆరేటప్పుడు అటూ ఇటూ సమానంగా కుదించుకోదు. రెండు దిక్కులా ఒత్తాలి, నాలుగైదు సార్లకొకసారి తిరగేయాలి, చివర్లో రెండు ముఖాలనూ రబ్బరు రిబ్‌తో, అంటే చదును చేసే రబ్బరు బిళ్లతో, గట్టిగా అదమాలి. ఇంతకన్నా మంచి దారి జపాన్‌లో తతర అనే పలకల పనిలో ఉంది: మట్టి దిమ్మకు రెండు పక్కలా సమాన మందం చెక్క బద్దలు పేర్చి, వాటి మీద ఆనించి బిగువైన తీగను లాగి పలకలు కోస్తారు. ఒక్కో కోతకు ఒక్కో బద్ద తీసేస్తారు. మట్టి సాగదు కనుక వంకర తక్కువ. పలకను అంచు పట్టి ఎత్తకండి, ఎప్పుడూ చెక్క మీదే తిప్పండి. ఒకసారి వంగిన పలకను చదును చేసినా కాల్పులో మళ్లీ ఆ వంపు బయటపడుతుంది.

సగం ఆరిన పలకలతో కట్టేటప్పుడు

అడుగూ నాలుగు గోడలూ ఒకే తడిలో ఉండాలి. అన్నింటినీ రెండు జిప్సం బోర్డుల మధ్య ఉంచి ఆరబెట్టడం అందుకే. వేలితో నొక్కితే గుర్తు పడాలి, కానీ ఒక కొస పట్టి నిలబెడితే పలక వంగకూడదు. తెలంగాణ ఎండాకాలంలో ఇది రెండు మూడు గంటల్లో వచ్చేస్తుంది, ముసురు రోజుల్లో ఒక రోజు పట్టవచ్చు. అందుకని గడియారం కాదు, వేలే కొలత.

గోడలను అడుగు చుట్టూ కాకుండా అడుగు మీద నిలబెట్టండి. గోడ బరువే అతుకును అదిమి ఉంచుతుంది. మూలల్లో గోడల కొసలు 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, రెండు ముఖాలనూ అడ్డదిడ్డంగా లోతుగా గీకి, అదే మట్టిని నీళ్లలో కలిపి చేసిన చిక్కని జారు, అంటే స్లిప్, పూయండి. నొక్కినప్పుడు స్లిప్ అంచులోంచి బయటికి రావాలి. రాలేదంటే అతుకులో గాలి మిగిలింది. లోపలి మూలల్లో, గోడా అడుగూ కలిసే చోట పెన్సిలంత మట్టి వత్తి పెట్టి అణిచేయండి. ఇది మానేసిన కుండీల్లోనే పగుళ్లు ఎక్కువ. కట్టాక ఒక రోజంతా ప్లాస్టిక్ కప్పి ఉంచితే పలకల తడి సమమవుతుంది.

ఈ పద్ధతి బలహీనత పొడవాటి గోడల దగ్గర ఉంది: అవి మధ్యలో లోపలికి వాలతాయి. పై అంచుకు బయట 6 మిల్లీమీటర్ల పట్టీ అతికితే గోడకు బిగువొస్తుంది, కుండీకి అందమూ వస్తుంది. గోడను ముందే ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి ఉబ్బించడమూ పనిచేస్తుంది.

అచ్చులో ఒత్తేటప్పుడు

అచ్చుకు లీటరు నీటికి సుమారు 1.4 కిలోల ప్లాస్టర్. గోడలు కనీసం 5 డిగ్రీలు బయటికి వాలాలి, లేకపోతే కుండీ అచ్చులోంచి ఊడి రాదు. తర్వాత చెట్టును వేరే కుండీలోకి మార్చేటప్పుడు వేర్ల ముద్ద సులువుగా రావడానికీ ఆ వాలు మంచిదే. మట్టి కుదించుకుంటూ అచ్చును వదులుతుంది కనుక బోర్లించిన అచ్చు బెడద ఇక్కడ లేదు.

తప్పు జరిగేది మూలల్లో. పలకను వేళ్లతో మూలలోకి నెడితే 9 మిల్లీమీటర్ల మందం 6కు పడిపోతుంది. తడిపిన స్పాంజితో పలకను అంచుల నుంచి ఎత్తి లోపలికి జారవిడవాలి, లాగకూడదు. మిగులు మట్టి ముడతపడే చోట ముక్క కోసి, గీకి అతకాలి. మూల వంపు రెండు సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ఈ పద్ధతి మానుకోండి. పైగా ప్లాస్టర్ అచ్చు పూర్తిగా ఆరడానికి వారం పైనే పడుతుంది కాబట్టి ఒక్క కుండీ కోసం ఈ శ్రమ గిట్టదు.

రెండింట్లోనూ రంధ్రాలు మట్టి సగం ఆరాకే కోయాలి. ఈ కుండీకి 20 మిల్లీమీటర్ల నీటి రంధ్రాలు రెండు, చెట్టును కట్టే తీగ కోసం 5 మిల్లీమీటర్లవి నాలుగు చాలు. రంధ్రం అంచును తడివేలితో గుండ్రం చేయకపోతే పగులు అక్కడే మొదలవుతుంది. అడుగు లోపల నీరు నిలిచే గుంట ఉందేమో నీళ్లు చిలకరించి చూడండి. లోపల గ్లేజు, అంటే గాజులాంటి పూత, వద్దు.

పై అంచు ముందు ఆరిపోతుంది, అడుగు చివరికి ఆరుతుంది. ఆరేటప్పుడు పడే పగుళ్లు ఎక్కువగా ఈ తేడాలోంచే వస్తాయి. అంచుకు తడిగుడ్డ చుట్టి, కుండీ నిలదొక్కుకోగానే బోర్లించి, వారం నుంచి పది రోజులు నెమ్మదిగా ఆరనివ్వండి. కాల్పులో నాలుగు కాళ్ల మధ్య అడుగు 20 సెంటీమీటర్లకు మించి గాలిలో ఉంటే 1220 డిగ్రీల దగ్గర కిందికి వాలుతుంది. మధ్యలో అదే మట్టితో చేసిన పచ్చి దిమ్మను కాళ్ల ఎత్తుకు సరిగ్గా కోసి, కుండీతో పాటే ఆరబెట్టి, అంటుకోకుండా అల్యూమినా పొడి చల్లి పెట్టండి. కుండీతో సమానంగా అదీ కుదించుకుంటుంది. కాల్చిన ఇటుక ముక్క పెడితే కుండీ కుదించుకున్నాక ఆ ముక్కే అడుగును పైకి నెడుతుంది.