చిరగని మెనూకి తగ్గ బైండింగ్

మా టిఫిన్ సెంటర్ మెనూ కార్డుల మీద రోజూ సాంబారు చుక్కలే. లామినేషన్ చేయించినా అంచుల్లోంచి నీళ్లు దిగి ఉబ్బిపోయేవి. ఈసారి గుంటూరు అరండల్‌పేటలో ఒక చిన్న బైండింగ్ షాపులో 175 మైక్రాన్ల మందమున్న నాన్‌-టేరబుల్ షీట్ మీద, అంటే చిరగని ప్లాస్టిక్ షీట్ మీద, మెనూ వేయించాను.

పేజీల అంచుని జిగురుతో అంటించే గమ్ బైండింగ్ అడిగితే ఆ షాపు అన్న వద్దన్నాడు. ఇది ప్లాస్టిక్ షీట్, కాగితంలా జిగురు పీల్చుకోదు, పేజీలు ఊడొచ్చేస్తాయమ్మా అన్నాడు. అంచున రంధ్రాలు కొట్టి వైరుతో పేజీలు కలిపే వైరో బైండింగ్ వేశాడు, అదీ గుండ్రటి రంధ్రాలతో. చదరపు రంధ్రమైతే మూలలో సన్నగా చీలిక పడుతుంది. ఒకసారి చీలిక పడిందంటే ఎంత గట్టి షీటైనా అక్కణ్ణుంచి చిరుగుతూ పోతుంది. అట్టకి మడత వచ్చే చోట ముందే క్రీజింగ్ కొట్టాడు, అంటే గీతలా నొక్కాడు, లేకపోతే మడత నిలవకుండా పైకి లేస్తుందట. మూలలు కూడా గుండ్రంగా కత్తిరించాడు. ఈ షీట్ మూల పదునుగా ఉంటుంది, పిల్లల చేతికి గీసుకుంటుంది. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

ఇప్పుడు తడిగుడ్డతో తుడిస్తే చాలు, చట్నీ మరక కూడా పోతోంది. రేటు లామినేషన్ కంటే ఎక్కువే, కానీ పనికి తగిన రేటే. ఇడ్లీ ధర మారితే ఆ ఒక్క పేజీ మార్చి కొత్త వైరు వేసిస్తానన్నాడు.