ఒకటి–రెండు రూపాయల పోకర్ టేబుల్: ఏళ్ల తరబడి ఆడాక రాస్తున్న సమీక్ష

ముందే చెప్పేస్తాను. చిన్న టేబుళ్ల దగ్గర ఆన్‌లైన్ పోకర్‌లో లాభం తీయొచ్చు, నేను తీశాను. కానీ ఆ లాభం బయట అనుకునేంత ఉండదు. పై టేబుల్‌కి, అంటే ఎక్కువ పందెం టేబుల్‌కి, ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్నకు ఖాతాలో ఉన్న డబ్బు ఒక్కటే జవాబు చెప్పదు, హ్యాండ్స్ ఫైలు (ఆడిన ప్రతి పంపకం రికార్డు) చెప్పాలి. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, దేశమంతా నిషేధించింది. కాబట్టి నేను రాస్తున్నది అంతకు ముందు ఆడిన ఆట గురించి. ఇప్పుడు ఆడటానికి యాప్ చెప్పమని నన్ను అడగకండి, విదేశీ సైట్ల పేర్లు అసలే అడగకండి. అక్కడ డబ్బు ఇరుక్కుంటే మన తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు.

మాది ధర్మాబాద్, నాందేడ్ జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, మిర్చి బేరం రెండింట్లోనూ. ఇక్కడివాళ్లకు పేకాట అంటే రమ్మీ, లేదంటే మూడు ముక్కలు. పోకర్ ఫోన్లలోకి వచ్చాకే కుర్రాళ్లకు తెలిసింది. మహారాష్ట్రలో 1887 నాటి జూద నిరోధక చట్టం నైపుణ్యం ఆటలను పక్కన పెట్టింది కాబట్టి యాప్‌లు మమ్మల్ని రానిచ్చేవి. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బు ఆటలను ఆపేశాయి. అందుకే మా ఊళ్లో కూర్చుంటే తెరుచుకునే టేబుల్, పక్కనే ఉన్న బాసర గుడికి వెళ్లి ఫోన్ తీస్తే లొకేషన్ చూసి తెరుచుకునేది కాదు. నిజామాబాద్‌లో చుట్టాలింట్లో పెళ్లంటే ఆ రోజులు ఆటకు సెలవే. ఒక రకంగా అదే మంచిదయ్యింది, వరసగా ఓడుతున్నప్పుడు అలాంటి తప్పనిసరి విరామం చాలా పనికొచ్చింది.

ఇక అసలు సంగతి. నేను ఎక్కువ కాలం ఆడింది ఒకటి–రెండు రూపాయల బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్) ఉన్న ఆరుగురి టేబుల్. వంద బిగ్ బ్లైండ్లు అంటే 200 రూపాయలు పెట్టి కూర్చోవడం, దాన్నే బై-ఇన్ అంటారు. ఇక్కడ ఆడేవాళ్లలో ఎక్కువమంది ఫోల్డ్ చేయడానికి, అంటే చేయి వదిలేయడానికి, రారు. రెండు ముక్కలూ ఒకే రంగైతే చాలు, లేదా చేతిలో ఒక ఆసు ఉంటే చాలు, రివర్ (ఆఖరి ముక్క) దాకా వస్తారు. అందుకని వీడియోల్లో చూసిన గొప్ప బ్లఫ్‌లు ఇక్కడ పనిచేయవు. పాట్‌లో (మధ్యలో చేరిన పందెం డబ్బులో) సగం బెట్ పెట్టి బ్లఫ్ చేస్తే మూడింట ఒకసారైనా అవతలివాడు ఫోల్డ్ చేయాలి, అప్పుడే నష్టం లేకుండా బయటపడతాం. ఈ టేబుల్ మీద ఒక జత దొరికినవాడు అంత తరచుగా వదలడు. మరి లాభం ఎక్కడ నుంచి వస్తుందంటే, మంచి చేయి ఉన్నప్పుడు పెద్దగా బెట్ పెట్టడం నుంచి, అది కూడా మూడు స్ట్రీట్లలోనూ (మధ్యలో ముక్కలు తెరిచే మూడు దశల్లోనూ) ఆపకుండా. ఆసుల జత పట్టుకుని చిన్న రైజ్ చేస్తే (పందెం కొద్దిగా పెంచితే) ముగ్గురు కాల్ చేస్తారు, అంటే అంతే వేసి నిలబడతారు. ఏ ముక్కలున్నా సరే ముగ్గురు ఎదురు నిలబడితే ఆసుల జత గెలిచేది దాదాపు 64 శాతమే, ఒక్కడే ఉంటే 85. ఈ ఒక్క లెక్క అర్థమైన రోజు నుంచి నేను ముందు నాలుగైదు మంది లింప్ చేసి (పెంచకుండా బిగ్ బ్లైండ్ అంతే వేసి) ఉంటే రైజ్‌ని రెట్టింపు చేసేవాడిని, సిగ్గుపడకుండా.

బటన్ మీద (అందరికంటే చివర ఆడే చోట) కూర్చున్నప్పుడు ఎక్కువ చేతులు ఆడటం, ముందు కూర్చున్నప్పుడు తక్కువ ఆడటం, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వాటి మీద ఇక్కడ రాయను.

రాయాల్సింది రేక్ గురించి. ప్రతి పాట్ నుంచి యాప్ ఐదు శాతం లాగేది, ఒక పరిమితి దాకా. మా ఊరి అడ్తి దుకాణంలో మిర్చి ధర పెరిగినా పడినా కమిషన్ కమిషనే, ఇది కూడా అంతే. తేడా ఏమిటంటే చిన్న టేబుల్ మీద ఆ పరిమితి ఎప్పుడోగానీ తగలదు, కాబట్టి దాదాపు ప్రతి పాట్ నుంచీ పూర్తి ఐదు శాతం పోతుంది. నా ఫైలులో చూస్తే ప్రతి వంద హ్యాండ్స్‌కీ ఏడెనిమిది బిగ్ బ్లైండ్లు రేక్ కింద వెళ్లాయి. అంటే టేబుల్ మీద ఉన్నవాళ్ల కంటే కాస్త బాగా ఆడటం సరిపోదు, ఆ ఏడెనిమిదినీ దాటేంత బాగా ఆడాలి. పై టేబుళ్లలో పాట్లు పెద్దవై రేక్ ఆ పరిమితి దగ్గర ఆగిపోతుంది, అందుకే బ్లైండ్ల లెక్కన రేక్ తగ్గుతుంది. పైకి వెళ్లడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే. పెద్ద నోట్లు కనపడతాయన్నది కారణం కాదు.

డబ్బు ఎంత వస్తుందో కూడా దాచకుండా చెప్పుకుందాం. రేక్ పోగా వంద హ్యాండ్స్‌కి ఐదు బిగ్ బ్లైండ్లు మిగిలితే చిన్న టేబుల్ మీద అది చాలా మంచి ఆట. ఒకటి–రెండు టేబుల్ మీద ఐదు బ్లైండ్లంటే పది రూపాయలు. మూడు టేబుళ్లు ఒకేసారి ఆడితే గంటకు రెండొందల హ్యాండ్స్ పడతాయి అనుకుందాం, అంటే గంటకు ఇరవై రూపాయలు. మిర్చి కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్లకు దక్కేది కూడా అంతకంటే ఎక్కువ. ఐదు–పది టేబుల్ మీద అదే ఆట ఆడగలిగితే గంటకు వంద. అందుకే అందరికీ పైకి వెళ్లాలన్న తొందర. దాన్ని నేను తప్పు పట్టను. కింద ఉండటం నేర్చుకోవడానికి, సంపాదించడానికి కాదు.

పన్ను సంగతి తెలియకుండా లెక్కలు వేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అది డబ్బు తీసినప్పుడే కాదు, మార్చి 31న ఖాతాలో ఉన్న గెలుపు మీద కూడా, ఒక్క రూపాయి తీయకపోయినా సరే. ఆరువేలతో మొదలుపెట్టి ఏడాదిలో పదహారు వేలు చేశారనుకోండి. పదివేల గెలుపు మీద మూడువేలు పోయి పదమూడు వేలే మిగులుతాయి. రెండు–నాలుగు టేబుల్ మీద బై-ఇన్ 400, కాబట్టి మార్చి చివరి రాత్రి నలభై బై-ఇన్లు ఉన్నవాడికి తెల్లారేసరికి ముప్పై రెండే ఉంటాయి. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది, వంద వేస్తే డెబ్బై ఎనిమిదే టేబుల్‌కి చేరేది. చాలా యాప్‌లు ఆ కోతను బోనస్ రూపంలో తిరిగి ఇచ్చాయి, కానీ బోనస్ షరతులన్నీ చదివితే అది డబ్బుతో సమానం కాదని అర్థమయ్యేది. ఈ రెండింటి వల్ల ఒక విషయం మారింది. బ్యాంక్‌రోల్ (ఆటకని విడిగా పెట్టిన డబ్బు) పోగొట్టుకుని మళ్లీ వేసుకోవడం ఖరీదైపోయింది. పాత పుస్తకాల్లో ఇరవై బై-ఇన్లు చాలంటే అది ఈ కోతలు లేని చోట్ల రాసిన మాట.

ఇక ఎన్ని బై-ఇన్లు ఉండాలి? ముప్పై అని అందరూ చెబుతారు. ఆ ముప్పై అందరికీ ఒకటే ముప్పై కాదు, నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. ఆరుగురి టేబుల్ మీద వంద హ్యాండ్స్‌కి ఆట ఊగే కొలత, స్టాండర్డ్ డీవియేషన్ అంటారే అది, సుమారు 90 బిగ్ బ్లైండ్లు. ఐదు బ్లైండ్ల చొప్పున గెలిచేవాడికి ముప్పై బై-ఇన్లు ఉంటే మొత్తం పోగొట్టుకునే అవకాశం దాదాపు రెండున్నర శాతం. రెండు బ్లైండ్ల చొప్పున గెలిచేవాడికి అదే ముప్పైతో దాదాపు 23 శాతం. ఇద్దరూ గెలిచే ఆటగాళ్లే, ఇద్దరి దగ్గరా ఒకే డబ్బు ఉంది, అయినా ఒకడు నిశ్చింతగా నిద్రపోవచ్చు, రెండోవాడు నాలుగింట ఒకసారి సున్నాకి వస్తాడు. రెండో ఆయనకు యాభై బై-ఇన్లున్నా ఎనిమిదిన్నర శాతం ప్రమాదం ఉంటుంది. పైగా పై టేబుల్ మీద మన గెలుపు రేటు తగ్గుతుందే తప్ప పెరగదు, కింద ఐదుతో గెలిచినవాడు పైన రెండుతో గెలుస్తాడనుకుని లెక్క వేసుకోవడమే క్షేమం.

అసలు మన రేటు ఎంతో మనకు ఎప్పుడు తెలుస్తుంది? పదివేల హ్యాండ్స్ ఆడితే కనిపించే రేటులో తొమ్మిది బ్లైండ్లు అటూ ఇటూ ఉండటం మామూలే. పదివేల తర్వాత ఎనిమిదితో గెలుస్తున్నానని సంబరపడేవాడు నిజానికి ఓడే ఆటగాడు కావచ్చు. లక్ష ఆడితే ఆ ఊపు మూడు బ్లైండ్ల లోపుకు దిగుతుంది. నేను లక్ష దాటాకే నా రేటు గురించి నోరు విప్పాను. ఓపిక లేనివాళ్లకు యాభై వేలైనా ఉండాలి, అంతకంటే తక్కువతో పైకి వెళ్లేవాడు తన ఆటను నమ్మి వెళ్లడం లేదు, ఈ మధ్య పడిన ముక్కలను నమ్మి వెళ్తున్నాడు.

మా బామ్మర్ది బిలోలిలో ఉంటాడు, చురుకైనవాడు, లెక్కలు వచ్చు. నాలుగు వేలు చేతికి రాగానే ఐదు–పది టేబుల్‌కి వెళ్తానన్నాడు, అంటే నాలుగే బై-ఇన్లు. వద్దన్నాను. "కింద ఎవ్వడూ ఫోల్డ్ చేస్తలేడు బావా, పైకి పోతేనే నా రైజ్‌కి విలువ" అన్నాడు. ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్రతిదానికీ కాల్ చేసేవాళ్ల మీద గెలవలేకపోతున్నామంటే మన విలువ బెట్లలో (మంచి చేయి ఉన్నప్పుడు పెట్టే బెట్లలో) లోపం ఉందన్నమాట, వాళ్లలో కాదు. పైన ఉన్నవాళ్లు మన రైజ్‌కి ఫోల్డ్ చేయరు, తిరిగి రైజ్ చేస్తారు, అది కూడా మనకు ఇబ్బందిగా ఉండే చోట. వాడి నాలుగు బై-ఇన్లు ఆ నెలలోనే అయిపోయాయి. ఒక చేయి ఆసులు రాజులకు ఎదురుపడి పోయింది, దాన్ని దురదృష్టం అనలేం, ఆసులు అక్కడ 82 శాతమే గెలుస్తాయి, ఐదారింట ఒకసారి పోతాయి. నాలుగే బై-ఇన్లతో కూర్చున్నవాడికి ఆ ఒక్కసారి చాలు.

నేను పైకి వెళ్లిన పద్ధతి వేరు. పై టేబుల్‌కి పన్ను పోగా ముప్పై అయిదు బై-ఇన్లు దాటేవరకు ఆగాను, అందులో అయిదింటినే ప్రయోగానికి విడిగా పెట్టాను, అవి పోతే మాటా మంతీ లేకుండా కిందికి. ఒకటికి రెండుసార్లు దిగాను కూడా. దిగడం అవమానం అనుకునేవాడు ఈ ఆటకు పనికిరాడని నా గట్టి నమ్మకం, ఎందుకంటే కిందికి దిగినప్పుడు మిగిలిన డబ్బుతో అక్కడ అరవైకి పైగా బై-ఇన్లు ఉంటాయి, ఏ టెన్షన్ లేకుండా ఆడొచ్చు. పై స్థాయిలో అరవై శాతం టేబుళ్లలో కూర్చోకుండా వదిలేసేవాడిని, బలహీనమైన ఆటగాడు కనీసం ఒకడైనా కనిపిస్తేనే కూర్చునేవాడిని. రాత్రి తొమ్మిది తర్వాత, శని ఆదివారాల్లో అలాంటివాళ్లు ఎక్కువ దొరికేవారు. పొద్దున పూట టేబుళ్ల మీద అందరూ నాలాంటివాళ్లే, రేక్ మాత్రం యాప్‌కి పోయేది.

యాప్ గురించి రెండు ముక్కలు. హ్యాండ్ హిస్టరీ దింపుకోనివ్వని యాప్‌లో నేను ఎప్పుడూ ఎక్కువకాలం ఉండలేదు, ఆ ఫైలు లేకపోతే పైన రాసిన ఏ లెక్కా వేయలేం. నేను ఆడిన యాప్‌లలో ఒకటి విత్‌డ్రాకు రోజుల తరబడి తిప్పింది, కస్టమర్ కేర్ జవాబులన్నీ ఒకే అచ్చు. డబ్బు చేతికి వచ్చిన రోజే అక్కడ ఖాతా మూసేశాను.

మా పెద్దనాన్న మనవడు న్యూజెర్సీలో ఉంటాడు, అక్కడ ఆన్‌లైన్ పోకర్ 2013 నుంచి చట్టబద్ధం. వాడు ఐదు–పది సెంట్ల టేబుల్ ఆడుతున్నాడు, 400 డాలర్లు ఉన్నాయి, నలభై వేల హ్యాండ్స్‌లో రేటు నాలుగు, పాతిక డాలర్ల బై-ఇన్ టేబుల్‌కి వెళ్లనా బాబాయ్ అని మొన్న అడిగాడు. నలభై వేలకు ఊపు నాలుగున్నర, కాబట్టి ఆ నాలుగు నిజానికి సున్నా కూడా కావచ్చు. 400 అంటే పైన పదహారు బై-ఇన్లే. 750 దాటేవరకు అక్కడే ఉండమన్నాను, దాటాక 125 డాలర్లు పెట్టి చూడమన్నాను, అవి పోయి 625కి వస్తే వెనక్కి దిగమన్నాను. ఈలోపు హ్యాండ్స్ ఫైలు పంపమన్నాను, రివర్‌లో వాడు చేసిన కాల్స్ ముందు చూస్తాను.