ఆరు రోజుల పిలాటిస్ టీచర్ కోర్సుకు డబ్బు కట్టే ముందు

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో యోగా నేర్పుతూ, దానికి తోడు పిలాటిస్ (చాప మీదా, స్ప్రింగులున్న పరికరాల మీదా చేసే ఒక వ్యాయామ పద్ధతి) కూడా నేర్చుకుందామని చూస్తున్న మన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. పర్లాకిమిడిలో నేను పదకొండేళ్లుగా ఆడవాళ్లకు యోగా నేర్పుతున్నాను; పాతపట్నం నుంచి కూడా కొందరు వస్తారు. కిందటేడు బరంపురంలో ఒక సంస్థ ఆరు రోజుల్లో ‘సంప్రదాయ పిలాటిస్ టీచర్’ సర్టిఫికెట్ ఇస్తామని ప్రకటిస్తే, 38,000 రూపాయలు కట్టి చేరాను.

ప్రకటనలో స్ప్రింగులతో పనిచేసే పిలాటిస్ పరికరాలైన రిఫార్మర్, కాడిలాక్, చెయిర్ మూడింటి మీదా శిక్షణ ఉంటుందని రాశారు. తీరా వెళ్తే హాల్లో ఉన్నది ఒక్క రిఫార్మర్, దానికీ ఒక స్ప్రింగు సాగిపోయి ఉంది. పద్దెనిమిది మందిమి వంతులు వేసుకుంటే ఆరు రోజుల్లో నాకు దాని మీద గంటసేపైనా దొరకలేదు. రెండో రోజే, రోల్ అప్ (పడుకుని వెన్నును గుండ్రంగా వంచుతూ లేచి కూర్చోవడం) కూడా సరిగ్గా రానివారి చేత రోల్ ఓవర్ చేయించారు. వెల్లకిలా పడుకుని కాళ్లను తల వెనక్కి తీసుకువెళ్లే ఆ వ్యాయామం మన హలాసనాన్ని పోలి ఉంటుంది, బరువు మెడ మీద పడితే ప్రమాదం. రాయగడ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మెడ పట్టేసి వారం రోజులు తల తిప్పలేకపోయింది.

జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటిస్, న్యూయార్క్‌లో భార్య క్లారాతో కలిసి నేర్పిన ఈ పద్ధతిని కాంట్రాలజీ అని పిలుచుకున్నారు. 1945లో వెలువడిన తన పుస్తకంలో చాప మీద చేసే 34 వ్యాయామాలను ఒక వరుసలో పెట్టారు. ఐదు లెక్కలు ఊపిరి పీలుస్తూ, ఐదు లెక్కలు వదులుతూ, చేతులను నూరుసార్లు ఆడించే ‘హండ్రెడ్’తో ఆ వరుస మొదలవుతుంది. ఆ వరుస ఎందుకు అలా ఉందని అడిగితే మాకు నేర్పినాయన జవాబు చెప్పలేదు.

పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టినది వేరే ఉంది. ఆ సర్టిఫికెట్‌ను నమ్మి ఇక్కడ క్లాసు మొదలుపెట్టిన మూడో వారంలో, ఎముకలు గుల్లబారిన ఒక పెద్దావిడ చేత రోల్ అప్ చేయించాను. ఆవిడ నడుము నొప్పితో పది రోజులు మంచం దిగలేదు. వెన్నును ముందుకు గుండ్రంగా వంచే వ్యాయామాలు అలాంటివారికి వెన్నుపూస విరిగే ప్రమాదం తెస్తాయని డాక్టరు చెప్పినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆరు రోజుల్లో ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉండవలసింది. చేయించే ముందు నేనైనా అడిగి తెలుసుకోవలసింది. ఎముక విరగలేదు. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనకపోవడం నాకు మరింత కష్టంగా ఉంది.

పిలాటిస్ అన్నది ఎవరి సొంతమూ కాని సాధారణ పదమని 2000లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి సర్టిఫికెట్ మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు. సంప్రదాయ పద్ధతిలో టీచరుగా తయారు కావడానికి వందల గంటలు పడుతుంది. అందులో ఇతరులు నేర్పుతుండగా గమనించే గంటలు, పెద్ద టీచరు కళ్లెదుట తాను నేర్పే గంటలు కూడా ఉంటాయి. ఆ గంటలు ఎన్నో, మీకు నేర్పబోయేవారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాతపూర్వకంగా అడగండి. డబ్బు కట్టక ముందే ఒక పూట క్లాసు చూడనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

డబ్బు వాపసు అడిగితే, సర్టిఫికెట్ పుచ్చుకున్నారు కదా అని నాకు బదులిచ్చారు. మోసపోయినవారు 1915 నంబరులో వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. నేను వేస్తున్నాను. రసీదు ఉంది గానీ ప్రకటన కాగితం నా దగ్గర లేదు. ఆ బ్యాచ్‌లో నాతో ఉన్నవారి ఫోన్లలో దాని ఫొటో ఉంటే దయచేసి చెరిపేయకండి, నాకు పంపండి.