పారిస్‌లో ఉండాలా, బెర్లిన్‌లో ఉండాలా?

పైచదువుకో, ఉద్యోగానికో వెళ్లేవారు ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే, ముందుగా నగరం ఆకారాన్నే చూడాలని నా అభిప్రాయం. అద్దె, ప్రయాణం, ఆరుబయలు అన్నీ చాలావరకు దాన్నిబట్టే ఉంటాయి.

విస్తీర్ణం: పారిస్ నగర పరిధి సుమారు 105 చదరపు కిలోమీటర్లు, జనాభా 20 లక్షల పైచిలుకు. బెర్లిన్ సుమారు 891 చదరపు కిలోమీటర్లు, జనాభా 36 లక్షల పైమాటే.

కేంద్రం: పారిస్ 1860 నాటి హద్దులను దాదాపుగా నిలుపుకొంది; 1973లో పూర్తయిన రింగురోడ్డు శివార్లను మరింత వేరుచేసింది. బెర్లిన్ 1920లో చుట్టుపక్కల పట్టణాలను, పల్లెలను కలుపుకొని పెరిగింది; 1961 నుంచి 1989 వరకు గోడ రెండుగా చీల్చడంతో అక్కడ ఒకే నడిబొడ్డు లేదు.

నివాసం: పారిస్‌లో జింకు రేకుల కప్పు కింద, ఒకప్పటి పనివారి గదుల్లో ఎందరో విద్యార్థులు ఉంటారు. ప్రధాన గది 9 చదరపు మీటర్లుంటే అద్దెకివ్వవచ్చు. వేసవిలో అది కొలిమిలా కాగుతుంది. బెర్లిన్ పాత భవనాల్లో వీధివైపు ఇల్లు వెలుతురుగా ఉంటుంది, లోపలి పెరటివైపు దిగువ అంతస్తులు చీకటిగా ఉంటాయి.

ఆరుబయలు: ఇక్కడ బెర్లిన్‌కు సాటి లేదు. 2008లో మూతపడిన టెంపెల్‌హోఫ్ విమానాశ్రయ మైదానంలో కట్టడాలు వద్దని 2014లో నగరవాసులు ఓటు వేశారు. నేడు ఆ రన్‌వేలపై సైకిళ్లు తిరుగుతున్నాయి.

కాలినడకన అన్నీ అందాలనుకునేవారికి, ఇరుకును భరించగలవారికి పారిస్ మేలు. పిల్లలున్న కుటుంబానికి, రోజూ దూరం ప్రయాణించడానికి వెనుకాడనివారికి బెర్లిన్ సరిపోతుంది. అయితే ఇల్లు దొరకడానికి అక్కడా నెలలు పట్టవచ్చు.