అర పిక్సెల్ దగ్గర ఆగిన శాసనం: ఫైండ్‌ట్రాన్స్‌ఫామ్‌ఈసీసీతో రెండేళ్లు

మా ఊరి గుడిగోడ మీద, నిచ్చెనకు అందని ఎత్తులో ఒక శాసనం ఉంది. ఫోనుతో వరుసగా తీసిన పాతిక ఫొటోలను కలిపి, వాటిలో ఏ ఒక్కదానిలోనూ లేనంత స్పష్టంగా దాని అక్షరాలను రాబట్టాలని రెండేళ్లుగా పైథాన్‌లో ప్రోగ్రాము రాసుకుంటున్నాను. ఈ పనిలో నేను మనసారా మెచ్చుకున్నది చిత్రాలతో పనిచేసే ఉచిత కోడు సంకలనమైన ఓపెన్‌సీవీలో, ఒక ఫొటోను మరొకదానిపై సరిగ్గా అమర్చే ఫైండ్‌ట్రాన్స్‌ఫామ్‌ఈసీసీ ఫంక్షన్‌ను. పరిశోధకులు ఎవాంజెలిడిస్, సరాకిస్ 2008లో ప్రచురించిన పద్ధతి ఇది. రెండు ఫొటోల మధ్య కదలికను పిక్సెల్‌లో చిన్న భిన్నం వరకూ పట్టుకుంటుంది. ఒకటి ఎండలో, మరొకటి మబ్బు కమ్మినప్పుడు తీసినా, వెలుతురు గోడంతటా ఒకే తీరున మారినంతవరకు లెక్క తప్పదు.

అయినా ఒక దశలో దీన్ని మూడు వారాల పాటు తిట్టుకున్నాను. అమర్చిన ఫొటోలను కలపడానికి పరిశోధకులు ఇరానీ, పెలెగ్ 1991లో చెప్పిన పద్ధతిలో, వాటి నుంచి తయారయ్యే పెద్ద చిత్రాన్ని తిరిగి కుదించి, అసలు ఫొటోతో పోల్చి, వచ్చిన తేడాను మళ్లీ పెద్ద చిత్రంలోకి కలుపుతూ పోవాలి. పది ఆవృత్తాలకు బాగానే ఉన్న అక్షరాలకు నలభై ఆవృత్తాలు దాటేసరికి ఒకవైపున మాత్రమే సన్నటి నీడ గీత మొలిచింది. ‘ప’, ‘వ’ల మధ్య తేడా పైనున్న చిన్న సందే కాబట్టి, ఆ గీత సరిగ్గా సందును పూడ్చి ప్రతి ‘ప’నూ ‘వ’గా మార్చేసింది. ఫైండ్‌ట్రాన్స్‌ఫామ్‌ఈసీసీ చేసే అమరికే తప్పిందనుకుని, అది లోపల చేసే ఆవృత్తాల పరిమితిని పెంచాను, ఆగే హద్దును 0.001 నుంచి బాగా తగ్గించాను. ఫలితం ఏమీ మారలేదు.

చివరకు నల్లటి చిత్రం మధ్యలో ఒకే ఒక్క తెల్ల పిక్సెల్ పెట్టి, అమరిక లేకుండా మిగతా దారంతా నడిపించి చూస్తే, అది బయలుదేరిన చోటికి తిరిగి రాలేదు. తప్పు నా కోడులోనే ఉంది. ఓపెన్‌సీవీలోనే ఉన్న మరో రెండు ఫంక్షన్లలో, కుదించడానికి రీసైజ్‌ను, పెంచడానికి వార్ప్‌అఫైన్‌ను వాడాను. రీసైజ్ పిక్సెల్‌ను ఒక చదరంగా భావించి దాని నడిబొడ్డును లెక్కిస్తుంది. వార్ప్‌అఫైన్ పూర్ణాంక స్థానాన్నే కేంద్రంగా తీసుకుంటుంది. రెండు రెట్లు పెంచేటప్పుడు వార్ప్‌అఫైన్‌కు ఇచ్చే మాత్రికలో (చిత్రాన్ని ఎంత పెంచాలో, ఎటు జరపాలో చెప్పే సంఖ్యల పట్టికలో) 0.5 కలపాలి, మూడు రెట్లకైతే 1. ఆ ఒక్క సంఖ్య చేర్చగానే నీడ గీత మాయమైంది.

మొదట్లో మిత్రులకు ఈ ఫంక్షన్ దేన్నైనా అమర్చేస్తుందని చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. కదలిక మరీ ఎక్కువైతే అది కుదరదంటూ ఎర్రర్ విసిరేస్తుంది. అందుకే ముందుగా కుదించిన ఫొటోల మీద ముతక అంచనా వేసి, దాన్ని అందిస్తున్నాను. ట్రైపాడ్ మీద పెట్టి జాగ్రత్తగా తీసిన వరుస కంటే చేత్తో తీసినదే మేలైన ఫలితాన్నివ్వడం మాత్రం నేను ఊహించనిది. కెమెరా కదలకపోతే అన్ని ఫొటోలూ ఒకే గడుల మీద పడతాయి కాబట్టి మచ్చలు తగ్గుతాయే తప్ప కొత్త వివరం రాదు. గూగుల్ 2018లో తన పిక్సెల్ 3 ఫోను జూమ్‌కు వాడుకున్నది కూడా ఈ చేతి వణుకునే.

నాది కదలని, చదునైన రాతిగోడ. రాత్రంతా ల్యాప్‌టాప్‌ను నడవనిచ్చే తీరికా ఉంది. ఊగే కొమ్మలనో, నడిచే మనుషులనో తీసేవారికి ఫొటో మొత్తానికి ఒకే మాత్రికనిచ్చే ఈ ఫంక్షన్ సరిపోదు. నాకు మూడో పంక్తి వరకూ చదవడానికి వీలైంది. ఐదో పంక్తి మీద సున్నం పొరలు పొరలుగా పేరుకుపోయింది. అక్కడ పాతిక ఫొటోలు కలిపినా సున్నమే మరింత స్పష్టంగా కనిపిస్తోంది.